టోక్యో స్టేషనులో ఒక గిన్నె రామెన్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

1982 నాటి నకారా తీర్పు గురించి, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసినవారు మాట్లాడేశారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, "జపాన్ వెళ్లొచ్చారు కదా, ఓ పది నిమిషాలు ఆ కబుర్లు చెప్పండి" అన్నారు. ఫ్యూజీ పర్వతం, బుల్లెట్ రైలు మీ మనవలు ఫోన్లో చూపిస్తారు. నేను ఒక పూట తిన్న తిండి గురించి చెబుతాను.

2023 వసంతంలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. టోక్యోలో నిషి కసాయి అనే పేట. మన దేశంవాళ్లు చాలామంది ఉండే చోటు. కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. అబ్బాయీ, కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులే. వెళ్లిన మూడోరోజున ఒక కొట్లో ఉడాన్ తినిపించారు. లావుపాటి గోధుమ సేమ్యా, పల్చటి చారు, పైన ఉల్లికాడలు. సగం తిన్నాక అబ్బాయికి అనుమానం వచ్చి అడిగితే తెలిసింది, ఆ చారు ఎండుచేప తురుముతో కాస్తారని. అక్కడ చాలా వంటలకు అదే మూలం, పైకి కనిపించదు. కొట్టువాడి తప్పేమీ లేదు. కానీ నేను ఆ రాత్రి భోజనం మానేసి, ఇక బయట మంచినీళ్లు తప్ప ముట్టనన్నాను.

ట్రెజరీలో ముప్ఫై మూడేళ్లు బిల్లులు చూసినవాణ్ణి. వోచరు లేని బిల్లు పాసు చేసి ఎరగను. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ నా పట్టుదలల బరువు ఆవిడే మోసింది. ఆవిడ పోయాక అది ఎవరి మీద పడుతుందో నాకు తట్టలేదు. కోడలు ఐదింటికి లేచి పప్పు, కూర, చారు చేసి, నాకు డబ్బాలో పులిహోర సర్ది, అప్పుడు ఆఫీసుకు పరుగెత్తేది. ఇలా ఐదు వారాలు. సెలవు రోజున ఊరు చూడబోయినా నా డబ్బా నాతోనే. వాళ్లు హోటల్లో తింటుంటే నేను బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. పాపం, వాళ్లు గబగబా తినేసి వచ్చేసేవారు.

ఒక శనివారం పొద్దున కోడలు, "మామయ్యగారూ, ఇవాళ డబ్బా సర్దలేదు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వాడని రామెన్ హోటలొకటి ఉంది. వస్తారా?" అంది. ఆ అడగడంలో బతిమాలడం లేదు, అలసట ఉంది. సరేనన్నాను.

రామెన్ అంటే చైనా నుంచి వచ్చి జపాన్‌లో స్థిరపడ్డ గోధుమ సేమ్యా పులుసు. మన పిల్లలు ప్యాకెట్టు చింపి వేడినీళ్లలో వేసుకునేదానికి మూలపురుషుడు మొమొఫుకు ఆండో, 1958లో. హోటళ్లలో దాని చారుకు పంది ఎముకలో, కోడి ఎముకలో గంటల తరబడి మరిగిస్తారు. ఎముకలు లేకుండా రామెన్ ఏమిటని అక్కడివాళ్లకే ఆశ్చర్యమట.

బస్సులో కసాయి రింకై పార్కు స్టేషనుకు వెళ్లి కేయో లైను రైలెక్కాం. సముద్రం ఒడ్డు వెంట నడిచే ఆ రైలు చివరికి భూమిలోకి దూరి టోక్యో స్టేషను అడుగున ఆగుతుంది. అక్కణ్ణుంచి పైకి ఎన్ని మెట్లు, ఎంత నడక! మోకాళ్ల నొప్పులవాళ్లు ముందే సిద్ధపడాలి. దారిలో, టిక్కెట్టు గేటు దాటనక్కర లేకుండానే, 'టీస్ తాన్‌తాన్' అనే ఆ హోటలు. బయట పెద్ద వరస. మన రేషను షాపు వరసలా కాదు. ఒకరి భుజం ఒకరికి తగలదు, ఒక్కరూ గొణగరు.

తెల్ల నువ్వుల రామెన్ తెప్పించారు. నువ్వుల వాసనకు నోరూరింది. తీరా చూస్తే పైన గోధుమరంగు తునకలు, అచ్చం కీమా! నేను పుల్లలు కింద పెట్టేశాను. "ఇది సోయాతో చేసింది మామయ్యగారూ, మన మీల్‌మేకర్ లాంటిది" అంది కోడలు. "రుజువేమిటమ్మా?" అన్నాను. అలవాటున వచ్చిన మాట. ఆ పిల్ల జవాబు చెప్పలేదు. తన గిన్నె వంక చూస్తూ కూర్చుంది. కళ్లల్లో నీళ్లు. అబ్బాయి గోడ వైపు చూశాడు. పక్క బల్లవాళ్లు హాయిగా చప్పుడు చేసుకుంటూ జుర్రుతున్నారు.

ఐదు వారాలు ఈ పిల్ల చేతి ముద్ద తిని, ఇప్పుడు దాన్నే రుజువు అడుగుతున్నానా అనిపించింది. ఫోర్కు తెప్పించమని, మొదట ఆ తునకే నోట్లో పెట్టుకున్నాను. మీల్‌మేకరే. మిరపనూనె కారం, నువ్వుల కమ్మదనం. వేడికి ముక్కు కారింది. అక్కడ జుర్రడం తప్పు కాదట. చిన్నప్పుడు చారన్నం జుర్రితే మా అమ్మ మొట్టేది. డెబ్భై దాటాక ఆ పని నిర్భయంగా చేశాను. అడుగున చుక్క మిగల్చలేదు. "ఇంకోటి చెప్పనా మామయ్యగారూ?" అని కోడలు అప్పుడు నవ్వింది.

తిరిగి వచ్చేలోగా మరో మూడుసార్లు వెళ్లాం. నల్ల నువ్వులది నాకంత నచ్చలేదు.

ఆ మర్నాడు ఆదివారం. కోడలు ఎనిమిదింటి దాకా లేవలేదు. కాఫీ నేనే కలిపాను. కాస్త చక్కెర ఎక్కువైందట. సెలవు.