2 లక్షల కిలోమీటర్లు తిరిగిన 530డి: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

ఈ రోజు వీడియోలో టాప్ స్పీడ్ లేదు, డ్రోన్ షాట్ లేదు. ఒక లెక్క ఉంది. చివరిదాకా చూడండి, ఎందుకంటే ఈ లెక్క తెలియక మన సైడ్ చాలామంది ఒక పంట డబ్బు మొత్తం బండి మీద పోగొట్టుకుంటున్నారు.

బండి మా బాబాయ్‌ది. 2009 మోడల్ బీఎండబ్ల్యూ 530డి. 3 లీటర్ల డీజిల్, 6 సిలిండర్లు, 235 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. ఇప్పుడు మీటర్ మీద 2,04,000 కిలోమీటర్లు. 2021లో రొయ్యల పట్టుబడి బాగా వచ్చినప్పుడు బెంగళూరు నుంచి తెచ్చాం, 6,20,000కి. కొత్తలో దాని రేటు ఎంతో మీకు తెలుసు. బాబాయ్ మొదటిసారి కైకలూరులోకి నడుపుకుంటూ వచ్చిన రోజు పిన్ని గుమ్మడికాయతో దిష్టి తీసింది. ఆ రోజు నుంచి నాలుగేళ్ళు ఇంజన్ ఆయిల్ తప్ప మేము ఏమీ మార్చలేదు. తప్పు మాదే, ముందే చెప్పేస్తున్నా.

పోయిన ఏడాది ఆగస్టు నెలాఖరు. భీమవరం నుంచి వస్తున్నాం. ఆకివీడు దాటి ఆలపాడు దగ్గరికి వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ తొక్కినా 40 దాటట్లేదు. దీన్ని లింప్ మోడ్ అంటారు. ఇంజన్ తనని తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసుకుంటుంది. ఎలాగో పక్కకి తీసి ఆపాం. మర్నాడు రికవరీ వ్యాన్ ఎక్కించి పెద్ద వర్క్‌షాప్‌కి పంపాం. ఇక్కడో చిన్న మాట: ఇలాంటి ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాగించకండి. ఇంజన్ ఆగి చక్రాలు తిరుగుతుంటే గేర్‌బాక్స్ లోపల ఆయిల్ తిరగదు. ఫ్లాట్‌బెడ్ వ్యానే పిలవండి.

రెండు రోజులకి కొటేషన్ వచ్చింది. 6 ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, అన్నీ మార్చాలి. 3,40,000. బండికి అప్పటి మార్కెట్ రేటు 4 లక్షలు వస్తే గొప్ప. పైగా టైము చూడండి. అదే ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది, రొయ్య కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు, చెరువులో సరుకు పట్టాలా ఆగాలా అని ఊరంతా తలపట్టుకుని కూర్చుంది. బాబాయ్ ఒకటే మాట అన్నాడు: "ఒరేయ్, మేతకే డబ్బుల్లేవు. తుక్కు కింద ఎంతొస్తే అంతకి ఇచ్చేయ్."

నేను ఒక్క వారం టైమ్ అడిగాను. ఎందుకంటే స్కానర్ చూపించిన ఎర్రర్ కోడ్ ఒకటే: రైల్ ప్రెషర్ తక్కువగా ఉంది. కోడింగ్ చేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎర్రర్ ఎక్కడ బయటపడిందో మెసేజ్ చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ప్రెషర్ తగ్గడానికి పంపు కారణం కావచ్చు, ఇంజెక్టర్ కారుతుండొచ్చు, సెన్సర్ పోయుండొచ్చు, లేదా అసలు డీజిలే సరిగ్గా రాకపోవచ్చు. చవకైన కారణం నుంచి ఖరీదైన కారణం వైపు వెళ్ళాలి. కొటేషన్ మాత్రం ఖరీదైన దగ్గర మొదలైంది.

బండిని విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఒక మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన డీజిల్ ఫిల్టర్ విప్పి, అందులోది సీసాలో పోసి, పక్కన పెట్టి టీ తాగుదాం రండి అన్నాడు. తిరిగి వచ్చి చూస్తే సీసా అడుగున వేలెడు మందం నీళ్ళు. పైన డీజిల్. ఆయన బాబాయ్ వైపు చూసి, "డీజిల్ ఎక్కడ కొట్టిస్తున్నారండి?" అన్నాడు. బాబాయ్ మాట్లాడలేదు.

విషయం ఏంటంటే, చెరువు మీద జనరేటర్ కోసం డ్రమ్ముల్లో డీజిల్ ఉంటుంది కదా. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగకూడదు, ఆగితే తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోతుంది. అందుకని ప్రతి చెరువు దగ్గరా డ్రమ్ము ఉంటుంది. బంకు దాకా వెళ్ళడం ఎందుకని మావాళ్ళు ఆ డ్రమ్ములోంచే కారులో పోసేవాళ్ళు. సగం ఖాళీ డ్రమ్ము, కొల్లేటి గాలిలో తేమ, రాత్రి చల్లబడితే డ్రమ్ము లోపలి గోడలకి నీటి బొట్లు పడతాయి. అవి అడుగుకి చేరతాయి. జనరేటర్ ఇంజన్ పాతరకం, కొంచెం దగ్గి నడిచేస్తుంది. ఈ 530డిలో డీజిల్ సుమారు 1,600 బార్ ప్రెషర్‌తో ఇంజెక్టర్‌లోకి వెళ్తుంది. మీ కారు టైరులో ఉండేది 2 బార్ చిల్లర, పోల్చుకోండి. ఆ ప్రెషర్ దగ్గర ఇంజెక్టర్‌కి డీజిలే లూబ్రికేషన్. నీళ్ళు వస్తే లోపలి భాగాలు గీసుకుపోతాయి, తుప్పు పడతాయి.

ట్యాంకు దించి కడిగాం, లైన్లు శుభ్రం చేశాం, కొత్త ఫిల్టర్ వేశాం. 9,000. ప్రెషర్ నార్మల్‌కి వచ్చింది. అప్పుడు డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్‌లో ఐడిల్ మీద ఒక్కో సిలిండర్ కరెక్షన్ ఎంతుందో చూశాం. 5 బాగున్నాయి, 4వ సిలిండర్ ఒక్కటే దారి తప్పింది. ఆ ఒక్క ఇంజెక్టర్ మార్చాం, కొత్తదాని మీదున్న కోడ్ ఈసీయూలో ఎక్కించాం. ఈ కోడ్ ఎక్కించడం మర్చిపోతే కొత్త ఇంజెక్టర్ కూడా సరిగ్గా పనిచేయదు, గుర్తుపెట్టుకోండి. 32,000. అంటే 3,40,000 పని 41,000లో అయింది. కానీ ఇక్కడ చప్పట్లు కొట్టకండి, అసలు కథ ఇప్పుడే మొదలు.

బండి లిఫ్ట్ మీద ఉండగా మేస్త్రి కిందకి రమ్మని ఒక్కొక్కటీ చూపించాడు. గేర్‌బాక్స్ కనెక్టర్ దగ్గర ఆయిల్ చెమట. ముందు సస్పెన్షన్ ఆర్మ్స్‌లో బుష్‌లు చీలిపోయాయి. క్రాంక్ పుల్లీలో రబ్బరు పగుళ్ళు. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్ పసుపు రంగుకి వచ్చి అంచు దగ్గర సన్నని చీలిక. "ఇంజెక్టర్ ఆపింది కాబట్టి బతికిపోయారు. ఇందులో ఏదో ఒకటి ముందుగా పోయుంటే ఇంజనే పోయేది" అన్నాడు.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట. బండి రేటు పడిపోతుంది. పార్ట్ రేటు పడదు. 6 లక్షలకి కొన్నాం కదా అని దానికి 6 లక్షల బండి ఖర్చు ఉండదు. అది ఎప్పటికీ అర కోటి క్లాసు బండే, పార్ట్స్ బిల్లు ఆ లెక్కలోనే వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో మీకు తగ్గింది కొనే ఖర్చు మాత్రమే, ఉంచుకునే ఖర్చు కాదు.

సరే, మేము ఏ వరుసలో చేశామో చెబుతాను. వరుస చాలా ముఖ్యం.

ఒకటి, ఆగితే ప్రాణం మీదకి, ఇంజన్ మీదకి వచ్చేవి. క్రాంక్ పుల్లీ అంటే రెండు ఇనుప రింగుల మధ్య రబ్బరు. అది ఊడితే బెల్టు పోతుంది. ఈ ఇంజన్‌లో ఆ బెల్టు మీదే ఆల్టర్నేటర్, వాటర్ పంపు, పవర్ స్టీరింగ్ అన్నీ ఉన్నాయి. పుల్లీ, బెల్టు కలిపి 27,000. కూలెంట్ ట్యాంకు, హోస్‌లు, కొత్త కూలెంట్ 14,000.

రెండు, గేర్‌బాక్స్ ఆయిల్. చాలాచోట్ల "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోకండి" అంటారు. ఎవరి లైఫ్? ఈ 6 స్పీడ్ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్ళకి మార్చమంటుంది. ఇందులో ఫిల్టర్, కింది ప్లాస్టిక్ ప్యాన్ ఒకటే ముక్క, కలిపే మార్చాలి. ఆ కనెక్టర్ స్లీవ్ కూడా అప్పుడే మార్చేస్తే మళ్ళీ విప్పే పని ఉండదు. ఆయిల్ లెవెల్ చల్లగా ఉన్నప్పుడు చూసేది కాదు. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండగా చూడాలి. ఇది తెలియని చోట చేయించకండి. 46,000.

మూడు, రబ్బరు. ముందు లోయర్ ఆర్మ్స్, లింకులు, అలైన్‌మెంట్ కలిపి 52,000. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం అక్కడితో పోయింది. చెరువు గట్ల మీద తిప్పిన పాపం ఇది.

నాలుగు, బ్యాటరీ. ఇది డిక్కీలో ఉంటుంది. కొత్తది పెట్టాక కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. లేకపోతే పాత బ్యాటరీ అనుకుని దానికి తగ్గట్టే ఛార్జ్ చేస్తుంది, కొత్తది త్వరగా పోతుంది. 19,000.

మొత్తం కూడండి: 9, 32, 27, 14, 46, 52, 19. 1,99,000. ఎనిమిది నెలల్లో, విడతలు విడతలుగా. పెయింటు, లైట్లు, సీట్ కవర్లు ఇంకా ముట్టుకోలేదు. చూసేవాళ్ళకి బండి అలాగే ఉంది. నడిపేవాడికి తెలుసు.

మన ఏరియాకి ప్రత్యేకంగా ఇంకో మూడు. మొదటిది ఎలకలు. మేత బస్తాల షెడ్డు పక్కన కారు పెట్టకండి. మేతకి వచ్చిన ఎలక బోనెట్‌లో వెచ్చగా పడుకుని వైర్లు కొరుకుతుంది. వారానికోసారి బోనెట్ ఎత్తి చూడండి. రెండోది తేమ. ఐస్‌లో చేపలు వేసుకుని వెళ్ళే లారీల నుంచి కారే నీళ్ళు రోడ్డంతా ఉంటాయి, అది బండి కింద అంటుకుంటే కడిగించండి. టెయిల్ లైట్ గాస్కెట్ చెడి డిక్కీలోకి నీళ్ళు వస్తే బ్యాటరీ పక్కనున్న ఎలక్ట్రానిక్స్ పోతాయి, వర్షం పడ్డాక కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. మూడోది టైర్లు. గీతలు బాగున్నాయని మోసపోవద్దు. టైరు పక్కన 4 అంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది అని అర్థం. మా బండికి రన్‌ఫ్లాట్ టైర్లు, అందుకే స్టెప్నీ రాదు. మీరు మామూలు టైర్లకి మారితే పంక్చర్ కిట్, గాలి పంపు డిక్కీలో ఉండాల్సిందే.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్ళకి. ఢిల్లీ బండ్లు ఎందుకు అంత చవక? అక్కడ 10 ఏళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో ఎన్జీటీ ఆంక్ష పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే ఇటు వస్తాయి. చవకైనంత మాత్రాన చెడ్డవి కావు, కానీ ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకోండి. 15 ఏళ్ళకి ఆర్‌సీ అయిపోతుంది, తర్వాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్ళకోసారి రెన్యూ చేయించాలి. దానికి కూడా బండి కండిషన్‌లో ఉండాలి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు కార్లు ఎలా మునిగాయో మనందరం చూశాం. మునిగిన బండ్లు పాలిష్ కొట్టుకుని ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తాయి. సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద గీత కనిపిస్తుంది. కార్పెట్ కింద వాసన చూడండి, వైర్ల కనెక్టర్లలో పచ్చగా తుప్పు ఉందేమో చూడండి. మీటర్ రీడింగ్ నమ్మకండి, సర్వీస్ బిల్లుల మీదున్న కిలోమీటర్లతో పోల్చండి. బిల్లులు లేని తక్కువ కిలోమీటర్ల బండి కంటే బిల్లులున్న ఎక్కువ కిలోమీటర్ల బండి మేలు.

మరి అమ్మేశామా? లేదు. బాబాయ్, నేను కూర్చుని ఒక షీట్ తయారుచేశాం. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చాం, ఎంతయింది. నెలకి 12,000 విడిగా ఒక అకౌంట్‌లో వేస్తున్నాం, బండి బాగున్న నెలలో కూడా. ఇంజన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకి. ఇంకొకటి కూడా ముందే రాసుకున్నాం: ఇంజన్ గానీ గేర్‌బాక్స్ గానీ పూర్తిగా విప్పాల్సి వచ్చిన రోజు, ఇంకేం ఆలోచించకుండా అమ్మేస్తాం. ఈ నిర్ణయం బండి ఆగిన రోజు తీసుకోకూడదు, ఆ రోజు మనసు మన మాట వినదు. ఆ నెలకి 12,000 మీ దగ్గర కష్టమైతే, ఇంట్లో ఇదొక్కటే బండి అయితే, బ్రో, కొనొద్దు. తప్పేం లేదు. కొత్త చిన్న కారు కొనుక్కోండి, హాయిగా నిద్రపోండి.

నేను ఇదంతా చెబుతుంటే బాబాయ్ నవ్వాడు. "చెరువుకి ఇదే కదరా చేసేది. రొయ్య తేలాక ఏరియేటర్ వేస్తే ఏం లాభం" అన్నాడు. రోజూ తెల్లవారుజామున లేచి నీళ్ళ పరీక్ష చేసే మనిషి, నాలుగేళ్ళు బోనెట్ ఎత్తి చూడలేదు. ఆ మాట ఆయనే అన్నాడు, నేను అనలేదు.

మొన్న చెరువు మీదకి వెళ్తే డ్రమ్ము మీద ఎర్ర పెయింటుతో పెద్ద అక్షరాలు కనిపించాయి: "కారుకి కాదు". బాబాయ్ చేతిరాత.

మీ ఇంట్లో ఇలాంటి పాత బండి ఉంటే, ఈ ఆదివారం ఒక్కసారి బోనెట్ ఎత్తి, కింద టార్చ్ వేసి చూడండి. ఏం కనిపించిందో నాకు చెప్పండి. వచ్చే వీడియోలో బ్రేకులు. అంతవరకు జాగ్రత్త, ఉంటాను.