మాల్టా చెరలో ముగిసిన అనువాదం



హక్కుల కోసం తిరిగేవారికి చదువుకునే తీరిక ఎక్కడిదని మన యువకులు కొందరు అంటారు. కితాబులు చదివేవారికి రాజకీయం ఎందుకని పెద్దలు కొందరు అంటారు. ఉభయులకూ సమాధానం షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ జీవితం.

1851లో బరేలీలో జన్మించిన మౌలానా, 1866లో స్థాపితమైన దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌కు తొలి విద్యార్థి. అనంతరం అక్కడే ప్రధానాచార్యులై దశాబ్దాల పాటు హదీసు బోధించారు. ఆంగ్లేయ పాలనను తొలగించే సంకల్పంతో 1915లో శిష్యుడు ఉబైదుల్లా సింధీని కాబూలుకు పంపి, తాము హిజాజ్‌కు వెళ్లారు. కాబూలు నుండి పట్టువస్త్రంపై రాసి పంపిన లేఖలు 1916లో ప్రభుత్వం చేతికి చిక్కాయి. ఆ ఏడాది చివర మౌలానా నిర్బంధితులై, 1917లో మాల్టా ద్వీపానికి తరలింపబడ్డారు. శిష్యుడు హుసేన్ అహ్మద్ మదనీ గురువు వెంటే చెరలో ఉన్నారు. సహచరులలో హకీం నుస్రత్ హుసేన్ అక్కడే కన్నుమూశారు.

స్వదేశంలో ప్రారంభించిన ఖుర్ఆన్ ఉర్దూ అనువాదాన్ని మౌలానా ఆ చెరలోనే పూర్తిచేశారు. అంతకు శతాబ్దానికి పూర్వం షా అబ్దుల్ ఖాదిర్ చేసిన అనువాదాన్నే ఆధారంగా గ్రహించి, వాడుక తప్పిన మాటలను మార్చారు. అంతటి విద్వాంసుడు పూర్వికుల శ్రమను పక్కకు నెట్టలేదు. తన కాలపు పాఠకుడినీ మరువలేదు. వ్యాఖ్యానం కొంతవరకే సాగగా, మిగిలిన భాగాన్ని తదనంతరం షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ పూరించారు.

1920లో విడుదలై వచ్చిన ఆ వృద్ధుడు విశ్రాంతి కోరలేదు. సహాయ నిరాకరణను సమర్థించారు. అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ప్రారంభ సభకు రోగపీడితులై హాజరయ్యారు. వారి ప్రసంగాన్ని శిష్యుడు చదివి వినిపించవలసి వచ్చింది. నవంబరు 30న ఢిల్లీలో పరమపదించారు.

ఉద్యోగ విరమణ తరువాత నేను మన పేటలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపి పెడుతున్నాను. తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లలలో అనేకులకు ఉర్దూ లిపి రాదు. తాతగారి అలమారలోని గ్రంథాలు వారికి మూగవి. దరఖాస్తు తిరస్కరింపబడితే, దానికి కారణమైన ఉత్తర్వును చదివి ప్రశ్నించడమూ వారికి తెలియదు. ఈ రెండు లోపాలనూ ఒకేచోట సరిదిద్దవచ్చు. ప్రతి మసీదు పక్కన వారానికొక సాయంత్రం ఒక గంట ఉర్దూ, ఒక గంట ప్రభుత్వ ఉత్తర్వుల పఠనం నిర్వహిద్దాం. రెండవ గంట బాధ్యత నేను స్వీకరిస్తాను. మొదటి గంటకు ముందుకు వచ్చేవారు ఈ సభ ముగియకముందే పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.