ప్రసాదం కన్నులకద్దుకొన్న బాలుడు



సత్యనారాయణ వ్రతకథలో కళావతి వృత్తాంతం మీరెరిగినదే. భర్త వచ్చాడని వినగానే ప్రసాదం విడిచి రేవుకు పరుగెత్తింది, ఓడ మునిగింది. ఆ ఘట్టాన్ని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఆ అలవాటుతోనే ఒక తప్పు చేశాను.

కొన్నేళ్ల క్రిందట ఒక గృహంలో వ్రతం ముగిసింది. పదమూడేళ్ల బాలుడు ప్రసాదాన్ని కన్నులకద్దుకొని పక్కన పెట్టాడు. "స్వామి ప్రసాదం నాయనా, ఏమీ కాదు, నోట వేసుకో" అన్నాను. తల్లి ఏదో చెప్పబోయి, నా మాటకు జంకి ఊరకున్నది. వాడు తిన్నాడు. ముద్ద రొమ్ముకు అడ్డం పడింది. నీళ్లు త్రాగితే అవి కూడా వెనుకకు వచ్చాయి. ఆ రాత్రి ఆసుపత్రిలో గొట్టం వేసి తీయవలసి వచ్చింది.

ఆ వ్యాధి పేరు ఇసినోఫిలిక్ ఈసోఫాజైటిస్. దగ్గు, ఆయాసం ఉన్నవారికి రక్తపరీక్షలో 'ఇసినోఫిల్స్ పెరిగాయి' అనడం మీరు వినే ఉంటారు. అవి ఒక జాతి తెల్లరక్తకణాలు. ఇయోసిన్ అనే ఎఱ్ఱని రంగును పట్టుకొంటాయి గనుక ఆ పేరు. గ్రీకుభాషలో ఇయోస్ అంటే ఉషస్సు. మన ఉషశ్శబ్దానికి అది తోబుట్టువు. ఇంత బాధ పెట్టే రోగానికి ఇంత అందమైన పేరేమిటని ఆశ్చర్యపోయాను.

ఆరోగ్యవంతుని అన్నవాహికలో ఈ కణాలు సాధారణంగా ఉండవు. ఈ రోగులలో పాలు, గోధుమ, గ్రుడ్డు, సోయా వంటి ఆహారానికి శరీరం ఎదురుతిరిగి, అవి అన్నవాహిక గోడలో గుమిగూడుతాయి. గోడ వాచి, ఏళ్లు గడిస్తే గట్టిపడి, మార్గం సన్నబడుతుంది. వైద్యులు దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించినది 1990 దశకంలోనే. రక్తపరీక్షతో తేలదు, ఎండోస్కోపీలో చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో చూడాలి. అంటువ్యాధి కాదు. ఆమ్లాన్ని తగ్గించే మందులు, మ్రింగే స్టీరాయిడ్ మందులు, సరిపడని ఆహారాన్ని మానడం చికిత్సలు. మానివేస్తే తరచు తిరగబెడుతుంది.

ముద్దముద్దకూ నీళ్లు త్రాగేవారిని, పంక్తిలో అందరికంటె చివర లేచేవారిని మనం 'తిండికి వంకలు' అంటాము. వారిలో కొందరు ఈ రోగులు కావచ్చు, వైద్యునికి చూపించండి.

వ్రతప్రసాదంలో ఉండేవి గోధుమరవ్వ, పాలు, నెయ్యి. ఆ బాలునికి సరిపడనివి పాలూ గోధుమే! ఆయుర్వేదంలో ఇటువంటిదానిని అసాత్మ్యమంటారు. కళావతి తొందరలో స్వామిని మరచి ప్రసాదం విడిచింది. ఈ బాలుడు స్వామిని తలచి, కన్నులకద్దుకొని విడిచాడు. ఇన్నేళ్లు కథ చెప్పిన నాకు ఈ భేదం తోచలేదు.

అన్నదానానికి ద్రవ్యమిచ్చే దాతలకు ఒక మనవి. వడ్డించేవారు నెయ్యి, పెరుగు వేసే ముందు 'వేయమంటారా' అని అడిగేటట్లు చూడండి. వద్దన్నవారిని కారణమడగవద్దు.

గత కార్తికంలో ఆ ఇంట మళ్లీ వ్రతం జరిగింది. బాలుడు ప్రసాదం కన్నులకద్దుకొని తల్లి చేతికిచ్చి, నా వైపు చూశాడు. వాని తలపై అక్షతలు వేసి, ఒక అరటిపండు చేతిలో పెట్టాను.