పాత ట్రాక్టర్లు, ఆదివారం పనివాళ్లు
(కార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బోనసు, గ్రాట్యుటీ, మూతబడ్డ మిల్లుల బకాయిలు. మన సభల్లో ఎప్పుడూ వినేది ఇవే. ఈ పూట మాత్రం ఒక సరదా గురించి మాట్లాడదామనుకున్నాం. అమెరికాలో చాలామంది పనివాళ్లు, రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు, లారీ డ్రైవర్లు సెలవు రోజుల్లో ఒక పని చేస్తుంటారు. యాభై అరవై ఏళ్ల కిందటి చిన్న ట్రాక్టర్లను తుక్కు రేటుకు కొని తెచ్చుకుంటారు. విప్పి, కడిగి, అరిగిన సామాను మార్చి, రంగేసి మళ్లీ నడుపుతారు. దాంతో వాళ్లకు పైసా లాభం ఉండదు. చాలాసార్లు చేతి డబ్బే పోతుంది.

వారమంతా మిషన్లతో కుస్తీ పట్టి, సెలవు నాడు కూడా పానా పట్టుకోవడమేమిటని వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి. మేమూ మొదట నవ్వాం. తర్వాత కాస్త లోపలికి వెళ్లి చూస్తే, అది మన కథకు చాలా దగ్గరగా వచ్చింది.

వాటిని తోట ట్రాక్టర్లు అంటారు. మన పొలాల్లో తిరిగేంత పెద్దవి కావు. బానెట్టు మనిషి నడుము దాకా వస్తుంది. ఇంజను 7 నుంచి 20 హార్స్‌పవర్ దాకా. ఇంటి చుట్టూ ఉన్న అరెకరం, ఎకరం జాగాలో గడ్డి కోయడానికి, కూరగాయల మడి దున్నడానికి, చలికాలంలో వాకిట్లో పడ్డ మంచు తోయడానికి వాడతారు. ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊళ్లో ఒక తండ్రీ కొడుకూ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మొదలుపెట్టిన కంపెనీ వీల్ హార్స్. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు 1961లో కబ్ కేడెట్ తెచ్చారు. జాన్ డీర్ వాళ్లు 1963లో 110 అనే నమూనా తెచ్చారు. ఇప్పుడు ఎక్కువమంది వెతుక్కునేది ఆ రోజుల బళ్లనే.

వీటిని కొన్నవాళ్లలో ఫ్యాక్టరీ కార్మికులు కూడా ఉన్నారు. వాళ్లకు ఆ స్తోమత ఎలా వచ్చింది? 1938లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం 1940 నుంచి వారానికి 40 గంటలే పని. అది దాటితే ఒకటిన్నర రెట్లు కూలి. దాని వెనక ఎన్ని సమ్మెలు, ఎన్ని తలలు పగలడాలు ఉన్నాయో చెప్పుకుంటూ పోతే ఈ రాత్రి చాలదు. ఆ శని, ఆదివారాల్లోంచే ఈ సరదా పుట్టింది. మనకు 1948 ఫ్యాక్టరీల చట్టం 48 గంటలు అన్నది, ఓవర్‌టైముకు రెట్టింపు అన్నది. కాగితం మీద ఓవర్‌టైము రేటు మనదే ఎక్కువ! భివండీలో 12 గంటల పాళీ చేసేవాడికి ఆ కాగితం చూపించి రండి, ఏమంటాడో విందాం.

సరే, పని దగ్గరకొద్దాం. ఇక్కడ జాబర్లు, ఫిట్టర్లు ఉన్నారు, వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఇరవై ఏళ్లుగా చెట్టు కింద వానలో నానిన బండి వస్తుంది. ఇంజను పట్టేసి ఉంటుంది, ఫ్లైవీలు కదలదు. తెలియనివాడు పైపు తగిలించి బలంగా తిప్పుతాడు, కనెక్టింగ్ రాడ్డు విరిచి కూర్చుంటాడు. తెలిసినవాడు ప్లగ్గు విప్పి, అసిటోను, గేర్‌బాక్సు నూనె చెరిసగం కలిపి సిలిండర్లో పోసి ఊరుకుంటాడు. రోజులు గడుస్తాయి. మళ్లీ పోస్తాడు. అప్పటికీ రాకపోతే హెడ్డు తీసి, పిస్టను మీద చెక్క ముక్క ఆనించి మెల్లగా తడతాడు. ఒకనాడు వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలిక చేతికి తెలిసినప్పుడు కలిగే సంతోషం ఎలాంటిదో మేము చెప్పనక్కర్లేదు, జామైన సాంచె విడిపించిన ప్రతివాడికీ తెలుసు.

తుప్పు తీయడానికి వాళ్లు చేసే పద్ధతి ఒకటి మాకు బాగా నచ్చింది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, అందులో బట్టల సోడా. బ్యాటరీ చార్జరు మైనస్ తీగ తుప్పు పట్టిన సామానుకు, ప్లస్ తీగ పనికిరాని ఇనుప ముక్కకు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లగా మెత్తబడి బ్రష్షుతో రాలిపోతుంది. లోపల మంచి ఇనుము అరగదు. అయితే హైడ్రోజన్ వాయువు వస్తుంది, కాబట్టి ఆరుబయట చేయాలి, దగ్గర బీడీ ముట్టించకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు. పెడితే క్రోమియం విషం నీళ్లలో దిగుతుంది. పాత రంగులో సీసం, పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. అందుకని పొడిగా గీకకుండా తడిపి గీకాలి. ధూళి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో కార్డింగు ఖాతాలో పనిచేసినవాళ్లకు ఒకరు చెప్పాలా?

ఆ తర్వాత కార్బురేటరు, వైర్లు, పాయింట్లు. ఆ ఇంజన్లలో పాయింట్ల సందు 20 థౌ. ఫీలర్ గేజీ పెట్టి చూసుకోవడమే. స్టార్టరు, జనరేటరు రెండూ ఒకటే డబ్బాలో ఉంటాయి. ఇంజనును లేపేదీ అదే, లేచాక బ్యాటరీ నింపేదీ అదే. సిలిండరు అరిగితే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టను వేస్తారు. దిమ్మ మొత్తం పోత ఇనుము కనుక రెండు మూడుసార్లు బోరు తట్టుకుంటుంది. ఆ కాలపు వస్తువులు బాగుచేయడానికి వీలుగా తయారయ్యేవి. ఏ బోల్టుకైనా పానా పడుతుంది.

రంగు విషయంలో వాళ్లలో వాళ్లకు పెద్ద తగాదా. కొత్తదానిలా మెరవాలనేవారు కొందరు. పనిచేసిన గుర్తులు చెరపవద్దు, గీతలు, వెలిసిన రంగు అలాగే ఉంచి ఇంజను మాత్రం బాగుచేద్దామనేవారు కొందరు. మా ఓటు రెండోవాళ్లకే. జాన్ డీర్ వాళ్లు 1969 నుంచి 1971 దాకా తెల్లటి బండికి ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగు బానెట్లు పెట్టి అమ్మారు. కొనేవాళ్లు అంతగా రాలేదు. కొందరు డీలర్లు బానెట్టు మార్చి మామూలు ఆకుపచ్చదే బిగించి అమ్మేశారు. అందుకే నాటి రంగుతో అలాగే మిగిలిన బండికి ఇప్పుడు గిరాకీ.

ఇంకొందరు తమ ఇష్టానుసారం మార్చుకుంటారు. ఒక సిలిండరు ఇంజను తీసి రెండు సిలిండర్లది బిగిస్తారు. ముందు హైడ్రాలిక్ తొట్టి పెడతారు. పందేల కోసం తయారు చేసేవాళ్లూ ఉన్నారు, బరువైన బండిని ఎవరి ట్రాక్టరు ఎక్కువ దూరం లాగితే వాళ్లదే గెలుపు. ఆ పందేల కోసం గవర్నరు తీసేసి వేగం పెంచుతారు. మామూలుగా 3,600 చుట్ల దగ్గర గవర్నరు ఆపే ఇంజను అది. ఇంకా పైకి పోతే పోత ఇనుము ఫ్లైవీలు పగిలి ముక్కలు తుపాకీ గుండ్లలా లేస్తాయి. అందుకని పందేల్లో ఉక్కు ఫ్లైవీలు, దానికి గట్టి కవచం తప్పనిసరి అని నిబంధన పెట్టుకున్నారు. సరదా కోసం నడిపే మిషనుకు గార్డు ఉంది! కూలి కోసం నడిపే మిషన్లకు ఎన్నింటికి ఉందో మీరే లెక్కపెట్టండి.

పాత మిషను బతికించడం మనకేం కొత్త కాదు. ముంబయిలో 1982 జనవరి 18న దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మె కట్టారు. దానికి ముందూ తర్వాతా మిల్లులు వదిలించుకున్న సాదా సాంచెలు ఎక్కడికి పోయాయి? కొన్ని భంగారులోకి పోయాయి. చాలా మట్టుకు భివండీకి, మాలేగావ్‌కు, ఇచల్‌కరంజీకి పోయాయి. లాంకషైర్ నుంచి ఓడల్లో వచ్చిన సాంచెలను, వాటి నకళ్లను విరిగిన పళ్లకు పళ్లు అతికించి, అరిగిన బుష్షులకు బుష్షులు తిరగేసి నడిపినవాళ్లలో షోలాపూరు, భివండీ తెలుగువాళ్లు ఎందరో. అమెరికా ఫిట్టరు చేసిన పనీ అదే. కాకపోతే అతను తన మిషనును తనకిష్టమైనంత మెల్లగా బాగుచేస్తాడు. మనవాడి వెనక సేటు నిలబడి ఉంటాడు. సాంచె ఆగితే గజాల లెక్క తగ్గుతుంది, కూలి తెగుతుంది. చేతిలో పని ఒకటే, కానీ ఒకడికి అది ఆదివారం, ఇంకొకడికి సోమవారం.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తున్నాం. కబ్ కేడెట్ మొదలుకొని ఆ కాలపు తోట ట్రాక్టర్లలో ఎన్నింటికో కోలర్ కంపెనీ ఇంజన్లే ఉండేవి. ఈ సరదా ఉన్నవాళ్లు ఆ ఇంజను పేరు భక్తిగా తలుస్తారు. నంబరు పలక చూసి ఏ ఏడాదిదో చెప్పేస్తారు. ఆ ఏడాది కోలర్ గేటు బయట ఏం జరుగుతోందో మాత్రం తెలిసినవాళ్లు తక్కువ.

విస్కాన్సిన్ రాష్ట్రంలో షెబాయ్‌గన్ పక్కన కోలర్ అని కంపెనీ పేరుతోనే ఒక ఊరు. స్నానపు తొట్లు, కుళాయి సామాను, ఇంజన్లు అక్కడ చేసేవారు. 1934 జూలై 27న సమ్మెలో ఉన్న జనం మీద తుపాకులు పేలాయి. ఇద్దరు చనిపోయారు, 47 మంది గాయపడ్డారు. మళ్లీ ఇరవై ఏళ్లకు, 1954 ఏప్రిల్ 5న, మోటారు కార్మికుల యూనియను కింద సుమారు మూడు వేల మంది పని ఆపారు. కూలి, పింఛను, సీనియారిటీ. వీటితోపాటు ఇంకో చిన్న కోరిక. ఎనామెల్ ఖాతాలో కొలిమి ముందు ఎర్రగా కాలే ఇనుప తొట్లతో ఎనిమిది గంటలు చేసేవాళ్లకు అన్నం తినే విరామం లేదు. అది ఇమ్మన్నారు. తొట్టి కొలిమిలో కాలే ఆ కొద్ది నిమిషాల్లో తినొచ్చు కదా అన్నది యాజమాన్యం. పాళీ మధ్యలో సాంచె ఆపకుండా ఒక చేత్తో రొట్టె తిన్నవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తనక్కర్లేదు, మాకు తెలుసు.

ఆ సమ్మె ఆరేళ్లు నడిచింది. కంపెనీ బయటివాళ్లను తెచ్చి ఫ్యాక్టరీ నడిపింది. 1955లో పింగాణీ మట్టితో ఒక నార్వే ఓడ షెబాయ్‌గన్ రేవుకు వచ్చింది. సమ్మె చేసేవాళ్లు, ఊరివాళ్లు రేవు నిండా కమ్ముకున్నారు. మట్టి దిగలేదు. మిల్వాకీ రేవుకు పోయింది, అక్కడి పనివాళ్లూ దించం అన్నారు. చివరికి ఓడ కెనడా దారి పట్టింది. కోలర్ సామాను కొనవద్దని యూనియను దేశమంతా పిలుపునిచ్చింది. 1960లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు, యాజమాన్యం నిజాయితీగా చర్చలు జరపలేదని తేల్చి, సమ్మెదారుల్లో ఎక్కువమందిని తిరిగి తీసుకోమంది. కోర్టుల చుట్టూ తిరిగి 1965లో 45 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో 30 లక్షలు పాత జీతాలకు, 15 లక్షలు పింఛనుకు. అప్పటికి సమ్మెకట్టి పదకొండేళ్లు దాటింది. బకాయి అందేలోగా ఎంతమంది వేరే ఊళ్లకు పోయారో, ఎంతమంది పోయారో మనకు ఊహించడం కష్టమేమీ కాదు.

కబ్ కేడెట్ చేసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కథ ఇంకొకటి. 1979 నవంబరు 1న అక్కడ సమ్మె మొదలైంది, 172 రోజులు నడిచింది. ముఖ్యమైన తగాదా నిర్బంధ ఓవర్‌టైము మీద. అంటే ఆ శని, ఆదివారాల మీదే! సమ్మె ముగిసిన 1980లోనే కంపెనీ పెద్ద అధికారికి ఇచ్చిన 18 లక్షల డాలర్ల అప్పును డైరెక్టర్లు మాఫీ చేశారు. 1981లో కబ్ కేడెట్ వ్యాపారాన్ని ఇంకో కంపెనీకి అమ్మేశారు. సమ్మె వల్లే కంపెనీ మునిగిందని చెప్పేవాళ్లు అక్కడా ఉన్నారు. ఆ మాట మనకూ బాగా పరిచయమే.

ఆ ట్రాక్టర్లు బాగుచేసేవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. వాళ్లలో చాలామంది మనలాంటి పనివాళ్లే. ఒక తాత తన మనవడి చేత మొదటిసారి పాయింట్లు సరిచేయించే ఆదివారం ఎంతో మంచి ఆదివారం. అయితే బానెట్టు రంగుకు సరైన పేరేమిటో వెతికేవాడు, ఆ దిమ్మ పోతపోసినవాడి గురించి కూడా ఒక్క పేజీ చదవాలని మా కోరిక. 1957 ఇంజను చేతికొస్తే, అది చేసినప్పుడు గేటు బయట ఎవరున్నారు, లోపల ఎవరున్నారు అని అడగాలి.

ఇక మన సంగతి. మన సాంచెలకు అలా దాచేవాళ్లు లేరు. ఒక్కో సామానుకు మన ఖాతాల్లో తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు కలగలిసిన పేర్లు ఉండేవి. సాంచె తుక్కులోకి పోయినప్పుడు ఆ పేర్లూ దానితోపాటే పోతున్నాయి. సెలవు రోజున సాంచె కొని ఇంట్లో పెట్టుకోవడానికి మన చాల్ గదుల్లో జాగా ఎక్కడిది? కానీ నాడె ఒకటి, పికరు ఒకటి, పాత ఫీలర్ గేజీ ఒకటి ట్రంకు పెట్టె అడుగున ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారని మాకు తెలుసు.

వచ్చే నెల సభకు అవి తెచ్చుకోండి. పాత జాబర్లు తప్పకుండా రావాలి. ప్రతి సామాను పేరు, ఏ ఖాతాలో దాన్ని ఏమనేవారు, ఎలా సరిచేసేవారు, ఆ పని మీకు ఎవరు నేర్పారు అన్నది మీరు చెబితే మేము నోటుబుక్కులో రాసుకుంటాం. రాయడం వచ్చిన పిల్లల్ని వెంట తెచ్చుకుంటే ఇంకా మంచిది. చాయ్ ఏర్పాటు యూనియను ఆఫీసు చూసుకుంటుంది.