పిత్తనాళమునకు మరొక దారి

కాలువలో అడ్డు పడినప్పుడు రైతు పార భుజమున వేసికొని గట్టు వెంబడి ఆ చోటికి పోవును. ఆ గట్టే లేకపోయినచో ఏమి చేయవలెను? కొందరు రోగుల విషయములో వైద్యులకు ఎదురగు ప్రశ్న ఇట్టిదే. మేము వైద్యులము కాము. వారి శాస్త్రములోని ఒక విశేషమును శ్రోతలకు వినిపింపగోరుచున్నాము.

కాలేయములో పుట్టిన పిత్తరసము నాళము వెంట వచ్చి, జఠరకోశమునకు దిగువనున్న ఆంత్రమూలములో ఒక చిన్న ద్వారము గుండ పడును. నాళములో రాయి చిక్కినను, కంతి పెరిగి నొక్కినను పిత్తము నిలిచిపోవును. కన్నులు పచ్చబడును, ఒడలు దురద పెట్టును. నిలిచిన పిత్తములో సూక్ష్మజీవులు చేరి చలిజ్వరము వచ్చినచో ప్రాణమునకే ముప్పు.

1968లో అమెరికాలో డాక్టర్ మెక్యూన్, ఆయన సహచరులు నోటి గుండ పంపిన ఎండోస్కోపుతో ఆ ద్వారమును చేరి, నాళములోనికి మందు ఎక్కించి ఎక్స్‌రే చిత్రములు తీసిరి. 1974లో జర్మనీ, జపాను వైద్యులు ద్వారమును లోపలినుండియే కోసి వెడల్పు చేయు పద్ధతిని ప్రకటించిరి. దానితో ఎందరికో పెద్ద శస్త్రచికిత్స తప్పినది.

అయితే పూర్వము జఠరకోశమునకు శస్త్రచికిత్స జరిగినవారి సంగతి వేరు. స్విట్జర్లాండు వైద్యుడు సేజార్ రూ ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో ప్రేగును ఇంగ్లీషు 'వై' అక్షరము వలె కలుపుదురు. స్థూలకాయము తగ్గించుటకు నేడు చేయు ఒక శస్త్రచికిత్సలోను ఇట్టి కూర్పే కలదు. అప్పుడు అన్నము పోవు దారి ఒకటి, పిత్తము వచ్చు దారి వేరొకటి అగును. మామూలు ఎండోస్కోపు ఆ దూరము పోజాలదు. బెలూను తొడిగిన పొడవైన ఎండోస్కోపుతో ప్రయత్నింపవచ్చును గాని, అది చాలసేపు పట్టు పని, అన్నివేళల ఫలింపదు. చర్మము గుండ సూది దింపి గొట్టము అమర్చుట మరొక ఉపాయము. ఆ గొట్టమును, దాని సంచిని రోగి దినములకొలది మోయవలసి వచ్చును.

ఇచ్చటనే శ్రవణాతీత ధ్వని తోడ్పడుచున్నది. ఎండోస్కోపు కొనకు ఆ ధ్వనియంత్రమును అమర్చినచో గోడకు ఆవల నున్నదియు తెరపై కానవచ్చును. కాలేయపు ఎడమభాగము జఠరకోశమును ఆనుకొని యుండును. వైద్యుడు జఠరకోశములో నిలిచియే ఉబ్బిన నాళమును గుర్తించి, రక్తనాళములను తప్పించి, సూదిని దింపును. సూది గుండ సన్నని తీగను పంపి, దారిని వెడల్పు చేసి, స్టెంటు అను లోహపు అల్లిక గొట్టమును నిలుపును. పిత్తము నేరుగా జఠరకోశములోనికి దిగును. 2001లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు జియోవన్నీని ఈ ధ్వని సాయముతో ఆంత్రమూలమునుండి పిత్తనాళమునకు దారి చేసిన వృత్తాంతమును ప్రకటించిరి. స్థూలకాయ చికిత్సలో విడిచిన జఠరభాగమునకు ఇట్లే దారి తెరచి, పాత మార్గమున పిత్తద్వారమును చేరు విధానమును కలదు.

ఇది నిరపాయమని చెప్పరాదు. పిత్తము కడుపులోనికి కారవచ్చును, రక్తస్రావము కలుగవచ్చును, గొట్టము జారవచ్చును. నాళము ఉబ్బియుండనిచో సూది దింపుటయే కష్టము. కావున చేయి తిరిగిన వైద్యులు, అవసరమైనచో ఆదుకొనగల శస్త్రవైద్యులు ఉన్నచోటనే దీనిని చేయించుకొనవలెను.

మన యిండ్లలో కామెర్లు అనగానే పసరు మందు, చప్పిడి పథ్యము గుర్తునకు వచ్చును. రాయి అడ్డుపడిన నాళము పథ్యమునకు లొంగదు. కామెర్లతో చలిజ్వరము కూడ వచ్చినచో ఒక్కపూట యైనను జాగు చేయరాదు. వెనుక కడుపునకు శస్త్రచికిత్స జరిగియుండినచో ఆ సంగతి ముందుగా చెప్పవలెను. "ఎప్పుడో ఆపరేషను అయినది" అన్న మాట చాలదు. ఏ ప్రేగును ఎచ్చట కలిపిరో తెలుపు కాగితము కావలెను. ఇంటి దస్తావేజులతోపాటు దానిని కూడ పెట్టెలో భద్రపరచుడు. దారి మార్చినవారు వ్రాసియిచ్చిన ఆ కాగితమే క్రొత్త దారి వెదకువారికి మొదటి ఆధారము.