కడగని ఫిల్ము రోలు
(సూర్యాపేటలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడినవారు కరువు భృతి గురించి, వైద్య ఖర్చుల గురించి చెప్పారు. నేను చెప్పేది అంత పనికొచ్చే సంగతి కాదు. ఒక ఫిల్ము రోలు కథ.

మిర్యాలగూడలో మా ఇల్లు మరమ్మతు చేయిస్తుంటే ట్రంకుపెట్టెలో నా అగ్ఫా క్లిక్-3 కెమెరా దొరికింది. 120 రోలు వేస్తే పన్నెండు ఫొటోలు వచ్చేవి, మీలో చాలామందికి తెలుసు. వెనక ఎర్ర కిటికీలో 9 అంకె కనిపించింది. తొమ్మిది తీసి మూడు మిగిల్చానన్నమాట. ఎప్పటివో వెంటనే గుర్తొచ్చింది. 1984లో కోదాడలో సాగర్ ఎడమ కాలువ ఆఫీసు నుంచి నాకు బదిలీ అయిన రోజువి. మా అటెండరు ఆ రోజు భార్యను, చిన్న కూతురిని పిలిపించి, కొత్త చొక్కా తొడుక్కొని నిలబడ్డాడు. మూడు ఫొటోలు వృథా ఎందుకని నేను రోలు కడిగించలేదు. మరుసటి ఏడే అతను పోయాడు. ఫొటో కోసం ఆమె మనిషిని పంపితే, నిజం చెప్పడానికి మొహం చెల్లక, రోలు పాడయిందని చెప్పి పంపాను.

పెన్షను కాగితాలకు మనమంతా జాయింటు ఫొటోలు అంటించినవాళ్లమే. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

కెమెరా సంచిలో ఖాళీ డబ్బా కూడా ఉంది. ‘ఇందు’ ఫిల్ము. ఊటీలో ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967 నుంచి తయారుచేసింది. తర్వాత ఖాయిలా పడి మూతపడింది. ఆ ఫిల్ము ఇక రాదు. కొడాక్ ట్రై-ఎక్స్, ఇల్‌ఫర్డ్ వారి నలుపు తెలుపు ఫిల్ములు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి కనుక కడిగే మందులు దొరుకుతాయి.

సూర్యాపేట స్టూడియోలలో అడిగితే డార్కు రూములు తీసేసి చాలా ఏళ్లయిందన్నారు. సరే, నేనే దిగాను. డి-76 మందు కలిపాను: లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. పాత ఫిల్ముకు పొగమంచులాంటి మసక పడుతుంది. దాన్ని తగ్గించడానికి కొద్దిగా పొటాషియం బ్రోమైడ్ వేశాను. మందు 20 డిగ్రీలుండాలి. మన ఊళ్ల నీళ్ల సంగతి మీకు తెలిసిందే, గిన్నె చుట్టూ ఐసు పెట్టాల్సి వచ్చింది. వేడెక్కితే ఫిల్ము మీది జిగురు పొర మెత్తబడి ఊడుతుంది. ఎర్ర బల్బు ఫొటో కాగితానికే, ఈ ఫిల్ముకు కటిక చీకటి కావాలి. స్నానాల గది తలుపుకు దుప్పటి కట్టి కూర్చుంటే, మా ఆవిడ బయటనుంచి రెండుసార్లు పిలిచి చూసింది.

ముందు ఆ తీయని మూడు ఫొటోల ముక్క కత్తిరించి కడిగి, మసక ఎంతుందో చూసుకున్నాను. ఏ మూడింటి కోసం రోలు ఆపానో అవే పనికొచ్చాయి! తర్వాత మిగతాది కడిగి, హైపోలో వేసి, అరగంట నీళ్లలో ఉంచి దీపానికెత్తి చూశాను. ఐదు ఫొటోలు ఉత్త బూడిద రంగు. ఆరోదాంట్లో ముగ్గురు మనుషులున్నారు.

మీ ఇళ్లలో ఇలాంటి రోళ్లుంటే వెలుతురులో విప్పకండి. డబ్బాలో పెట్టి చల్లని చోట ఉంచి, నాకు కబురు చేయండి.

స్టూడియో కుర్రాడు ఆ నెగటివును కంప్యూటరుకెక్కించి అచ్చు వేసిచ్చాడు. అటెండరు ముఖం సగం మసకలోనే ఉంది. ఆయన భార్య ముఖం స్పష్టంగా ఉంది, పాప కళ్లు మూసుకుంది. కోదాడ తీసుకెళ్లాను. ఆమె పోయి రెండేళ్లయిందట. కూతురు ఇప్పుడు టీచరు. చాలాసేపు చూసి అడిగింది:

“రోలు ఖరాబయిందన్నరంట గద సార్?”

“ఖరాబు కాలేదు బిడ్డా. నేనే కడిగించలే” అన్నాను.