ఏటిరాతి క్రింది పురుగు
(పట్టిసీమ పరిసర గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



గోదావరి పాపికొండల ఇరుకునుండి వెలువడి, పోలవరము దాటి, పట్టిసీమ చెంతకు వచ్చుసరికి విశాలమగుచున్నది. ఇచటి నీటిని గూర్చి మాటాడునపుడు వరదలు, కాలువలు, 2015లో వెలసిన ఎత్తిపోతల పథకము మన నోట వచ్చును. నేడు మేము మనవి చేయబోవునది మాత్రము ఒక చిన్న పురుగును గూర్చి. నవ్వవలదు, జీతము లేకయే ఏటిని కాచు తలారి అది.

దీనిని శాస్త్రజ్ఞులు కాడిస్ ఈగ అందురు. మనము గూటిపురుగు అనుకొందము. ప్రపంచమున ఇవి పదునారు వేల రకములకు పైగా, మన దేశమున వేయికి పైగా గుర్తింపబడినవి. రేవులోని దీపము చుట్టు రాత్రివేళ మూగు గోధుమవన్నె పురుగులలో ఇవియు నుండును. చూచుటకు చిమ్మటవలె నుండును గాని, రెక్కలపై పొడి యుండదు, నూగు వెంట్రుకలుండును. పట్టుపురుగునకు ఇది దాయాది. పిల్లపురుగు నీటిలోనే పెరుగుచు, నోటినుండి పట్టుదారము తీసి, ఇసుక రేణువులనో ఆకు ముక్కలనో అతికించి, తన యొడలికి సరిపడు గొట్టమును కట్టుకొనును. వరిచేలలో ఆకు ముక్కను చుట్టుకొని తేలియాడు పురుగు వేరు. అది చిమ్మటజాతిది, పైరును తినునది. గూటిపురుగులలో అధిక భాగము నాచును, కుళ్లిన ఆకులను, నీటివెంట కొట్టుకొనివచ్చు నలుసులను తిని, తాము చేపలకు ఆహారమగుచున్నవి.

అన్ని రకములు అన్ని తావుల నుండవు. కొండవాగులలో, చెట్ల నీడన, చల్లగా పరుగిడు నీటిలో వీని వైవిధ్యము మెండు. కొన్ని రకములు గూడు మోయక, రాళ్ల సందున సన్నని వల పన్ని, ప్రవాహము తెచ్చు ఆహారమును వడకట్టుకొనును. మన మత్స్యకారులకు ఈ విద్య వింత కాదు. అట్టివానికి పారునీరు ప్రాణము. కాలువ లాకుల దిగువ, నీరు ఉరుకు రాతికట్టుపై కూడ అవి నిలువగలవు. కాలువ నిదానించి బురద పేరుకొన్నచోట రకములు తగ్గును. నిలువనీటి నోర్చు కొద్దిపాటి రకములే మిగులును. కనుక చెరువులో గూటిపురుగు అరుదైనంతమాత్రమున చెరువు చెడెనని తలపరాదు. వాగును వాగుతోనే పోల్చవలెను.

ఊరి మురుగు వాగులో కలియు చోటికి ఎగువ నొకచోట, దిగువ నొకచోట, ఒకే తీరు రాళ్లను, ఒకే తీరు ప్రవాహమును చూచి, పదేసి రాళ్లను తిరుగవేయించుడు. ఎగువ గూళ్లు, వలలు కనబడి, దిగువ ఎర్రని సన్నపురుగులు మాత్రమే యున్నచో, నీటిలో ప్రాణవాయువు తగ్గినదని సందేహింపవలెను. ఆ ఎర్రపురుగుల నెత్తురు కొద్దిపాటి ప్రాణవాయువునైనను పట్టి నిలుపును. గూటిపురుగులలో అనేకములకు ఆ శక్తి లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలియు నదీజలమును తరగతులుగా విభజించుటకు ఇట్టి జలకీటకములను లెక్కించు పద్ధతిని ఏర్పరచినది.

పురుగుమందుల మాట వేరు. మొవ్వు తొలుచు పురుగును చంపు మందు ఏటి పురుగునెట్లు విడుచును? మందు పిచికారీ డబ్బాను వాగులో కడుగుట, ఖాళీ డబ్బాలను గట్టున పారవేయుట నేటికిని మానలేదు. కడుగునీటిని వాగునకు దూరముగా చేనిలోనే చల్లించుట పంచాయతీ తీర్మానముతో కాగల పని. దీనికి ఖర్చు లేదు గనుకనే కాబోలు, ఎవరును పట్టించుకొనరు! ఇసుక, కంకర విచ్చలవిడిగా తీసినచో రేగిన ఒండ్రు దిగువ వలలను పూడ్చివేయును. మహాశివరాత్రికి వీరేశ్వరస్వామి కొండకు వచ్చు జనసందోహము విడుచు చెత్తను ఏటిలోనికి పోనీయక వెంటనే ఎత్తించుటయు ఈ కోవలోనిదే.

ఒక హెచ్చరిక. గూటిపురుగు ఉన్నదని ఆ నీటిని త్రాగవలదు. విరేచనములు కలిగించు సూక్ష్మజీవులున్నచోటను అది బ్రదుకవచ్చును. త్రాగునీటికి ప్రయోగశాల పరీక్షయే ప్రమాణము. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమున కైదుగురు మహిళలకు నీటి పరీక్ష పెట్టెతో శిక్షణ నిచ్చు ఏర్పాటు కలదు. మీ యూరి పెట్టె వాడుకలో నున్నదో, బీరువాలో నున్నదో విచారింపుడు.

రాళ్లు చూచుటకు వరద తీసిన పిదప, కార్తికము మొదలు మాఘము వరకు అనుకూల కాలము. వరదలో పురుగులు కొట్టుకొనిపోవును గనుక అప్పటి లెక్క లెక్క కాదు. పాఠశాల బాలురను, బాలికలను వెంట గొనిపొండు. లోతులేని చోటనే, పెద్దలు తోడుండగనే దింపవలెను. ఏ తేదీన, ఏ తావున ఏమి కనబడెనో పంచాయతీ పుస్తకమున వ్రాయింపుడు. చూచిన రాతిని తీసినచోటనే, మునుపున్నట్లే మరల పెట్టింపుడు.